క్లాస్ 4 ఓరల్స్: ఫంక్షన్ 3లో నేను ఎక్కడ దొరికిపోయానంటే

క్లాస్ 4 ఓరల్స్‌కి (ఓడల ఇంజనీర్ లైసెన్సు కోసం పెట్టే మౌఖిక పరీక్ష) చదువుతున్న తమ్ముళ్లు చాలామంది విడివిడిగా అడుగుతున్నారు కాబట్టి ఒకేసారి రాసేస్తున్నా. మోటార్, ఎలక్ట్రికల్, ఎంఈపీ (మెరైన్ ఇంజనీరింగ్ ప్రాక్టీస్) మూడూ నాకు ఫస్ట్ అటెంప్ట్‌లోనే అయిపోయాయి. పోయింది ఫంక్షన్ 3 అనే సబ్జెక్టు, అంటే మనం సేఫ్టీ అని పిలుచుకునేది. విచిత్రం ఏమిటంటే అదొక్కటే నాకు బాగా వచ్చు అనుకున్నా. ఓడల భద్రతకి సోలాస్, కాలుష్యానికి మార్పోల్, సిబ్బంది శిక్షణకి ఎస్‌టీసీడబ్ల్యూ, సిబ్బంది హక్కులకి ఎంఎల్‌సీ, ఈ అంతర్జాతీయ కన్వెన్షన్లలో (ఒప్పందాల్లో) ఏది ఏ ఏడాదిది, దేనికి ఎన్ని చాప్టర్లు, నిద్రలో లేపి అడిగినా చెప్పేంత బట్టీ పట్టా.

పరీక్ష చేసిన సర్వేయర్ (ప్రభుత్వ అధికారి) అవేవీ అడగలేదు.

"లాస్ట్ షిప్‌లో నీ రెస్ట్ అవర్స్ షీట్ ఎవరు నింపేవారు?" అన్నారు. (రోజూ ఎన్ని గంటలు పని, ఎన్ని గంటలు విశ్రాంతి అని రాసే షీట్ అది.) నేనే సార్. "రూల్ ఏంటి?" ఏ 24 గంటల్లోనైనా 10 గంటలకు తగ్గకూడదు, ఏడు రోజుల్లో 77కి తగ్గకూడదు, ఆ పది గంటల్నీ రెండు ముక్కలకు మించి చేయకూడదు, అందులో ఒకటి కనీసం 6 గంటలుండాలి అని గడగడా అప్పజెప్పా. ఆయన తలూపి, "బంకరింగ్ రోజు ఎన్నింటికి పడుకున్నావ్?" అన్నారు.

బంకరింగ్ అంటే ఓడకి ఇంధనం నింపుకోవడం. ఆ రోజు నాకు బాగా గుర్తుంది. పగలంతా ఇంజన్ రూమ్‌లో పని, సాయంత్రం 7కి ఇంధనం తెచ్చే బార్జ్ వచ్చింది, హోస్ తీసేసరికి తెల్లవారుజామున 3 దాటింది, మళ్లీ 8కి ప్యూరిఫయర్ (ఆయిల్ శుభ్రం చేసే యంత్రం) విప్పడానికి కిందికి దిగాం. నెలాఖరుకు సెకండ్ ఇంజనీర్ షీట్ చేతిలో పెట్టి "క్లీన్‌గా ఉండాలి" అన్నారు. నేను నెలంతా 8 నుంచి 12, 1 నుంచి 5 అని ఒకేలా నింపి సంతకం పెట్టేశా. ఇది సార్‌కి ఎలా చెప్తాం? "రూల్ ప్రకారమే రెస్ట్ తీసుకున్నా సార్" అన్నా. ఆయన తాపీగా, "ఆయిల్ రికార్డ్ బుక్‌లో కోడ్ హెచ్ కింద బంకరింగ్ టైమ్ ఏం రాశారు?" అని అడిగారు. నోరు పెగల్లేదు. ఓడలో ఆయిల్ పనులు నమోదు చేసే పుస్తకం అది, కోడ్ హెచ్ అంటే బంకరింగ్ ఎంట్రీ. అందులో మొదలైన టైమూ అయిపోయిన టైమూ ఉన్నదున్నట్టే ఉంటాయి కదా. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూస్తే నేను ఒకే సమయంలో బంకర్ స్టేషన్ దగ్గరా ఉన్నా, బెర్త్ మీద నిద్రా పోతున్నా.

ఫెయిల్. వారం రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

ఆ తర్వాత బుర్రకెక్కింది ఒక్కటే. మనల్ని కూర్చోబెట్టి అడిగే ఈ ఎంఎండీ (మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్) సర్వేయర్లే ఓడలెక్కి తనిఖీలు కూడా చేస్తారు. వాళ్లకి కన్వెన్షన్ పేరు కాదు కావాల్సింది, ఆ కన్వెన్షన్ ఓడ మీద ఏ కాగితంగా, ఏ గోడ మీద, ఎవరి సంతకంతో ఉందో అది. అందుకే రెండోసారి నోట్స్ పక్కన పడేసి, గ్యాంగ్‌వే నుంచి స్టీరింగ్ గేర్ రూమ్ దాకా నా పాత ఓడలో మనసులోనే నడుస్తూ చదివా.

మెస్ రూమ్ సంగతే తీసుకోండి. ఏడు నెలలు ఆ ఫ్రేముల కింద కూర్చుని అన్నం తిన్నా, ఒక్కరోజూ తలెత్తి చదవలేదు. అక్కడ ఉండేవాటిలో ఒకటి ఫైనాన్షియల్ సెక్యూరిటీ సర్టిఫికెట్. 2017 జనవరి 18 నుంచి అమల్లోకి వచ్చింది. ఓనర్ మనల్ని ఓడతో సహా వదిలేస్తే ఇంటికి పంపే ఖర్చు, నాలుగు నెలల దాకా బకాయి జీతం ఆ బీమా నుంచి రావాలి. రెండు నెలల జీతం ఇవ్వకపోయినా వదిలేసినట్టే లెక్క. డీఎంఎల్‌సీ (ఓడలో ఎంఎల్‌సీ ఎలా పాటిస్తున్నారో చెప్పే పత్రం) దగ్గర కూడా కన్ఫ్యూజ్ అవుతారు: పార్ట్ 1 ఫ్లాగ్ స్టేట్ (ఓడ ఏ దేశం జెండాదో ఆ దేశం) ఇచ్చేది, పార్ట్ 2 ఓనర్ రాసుకునేది.

ఫ్లాగ్, పోర్ట్, క్లాస్ ఈ మూడింటినీ కలిపేయకండి. పనామా జెండా ఓడ విశాఖకి వచ్చిందనుకోండి. పనామా తరఫున సర్టిఫికెట్లు ఇచ్చేది సాధారణంగా క్లాస్ (ఓడల్ని సర్వే చేసే సంస్థ), వచ్చి చూసేది మన సర్వేయర్, అదీ ఇండియన్ ఓషన్ ఎంఓయూ అనే, రేవుల్లో ఓడల తనిఖీకి దేశాలు చేసుకున్న ఒప్పందం కింద (దాని సెక్రటేరియట్ గోవాలో). లోపం పెద్దదైతే ఓడని కదలనివ్వరు. అదే మన జెండా ఓడ సింగపూర్ వెళ్తే అక్కడ టోక్యో ఎంఓయూ. ఐఎస్‌ఎం కోడ్ (ఓడల భద్రత నిర్వహణ నియమావళి) ఎందుకొచ్చిందంటే 1987లో జీబ్రుగ దగ్గర హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీ మునిగి 193 మంది పోయారని చెప్పండి, డీపీఏ (భద్రత విషయాల్లో ఓడకీ కంపెనీకీ మధ్య ఉండే బాధ్యుడు) ఎవరో మీ కంపెనీలో పేరు, ఫోన్ నంబరుతో సహా చెప్పగలగాలి. చట్టం అడిగితే 1958 ఒక్కటే చెప్పి ఆగిపోవద్దు, దాని స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త మర్చంట్ షిప్పింగ్ చట్టం పాస్ చేసింది, ఆ మాట కూడా చెప్పండి.

ఆర్‌పీఎస్‌ఎల్ (ఓడ ఉద్యోగాలిప్పించే ఏజెంట్లకి ఉండాల్సిన లైసెన్సు) గురించి మాత్రం పరీక్ష కోసం కాకపోయినా చదవండి. మా శ్రీకాకుళం వైపు మా చిన్నాన్న కొడుకు లైసెన్సు లేని ఒక ఏజెంట్‌కి ఓడ ఉద్యోగమని లక్షలు కట్టాడు, పొలం కాగితాలు తాకట్టు పెట్టి. ఉద్యోగం ఇప్పించినందుకు సీమెన్ దగ్గర డబ్బు తీసుకోకూడదని ఎంఎల్‌సీలోనే ఉంది. మెడికల్, సీడీసీ (సీమెన్ గుర్తింపు పుస్తకం), పాస్‌పోర్టు ఖర్చు మనది, అంతే. ఈ లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ డీజీ షిప్పింగ్ సైట్‌లో లైసెన్సు ఉందో లేదో చూసుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది, మావాడు చూసుకోలేదు. రెండో అటెంప్ట్‌లో ఇదే ప్రశ్న వచ్చింది. నేను చెప్తుంటే సార్ మధ్యలో ఆపి "వీసా ఖర్చు?" అన్నారు. ఓనర్‌ది సార్ అన్నా. అప్పుడే కాస్త ఊపిరి పీల్చుకున్నా.

చివర్లో మళ్లీ రెస్ట్ అవర్సే. సర్వేయర్ వేరు, ప్రశ్న కూడా వేరు. "షీట్‌లో అబద్ధం రాయమంటే?" అసలు గంటలే రాస్తాను, నాన్ కన్ఫార్మిటీ (రూల్ తప్పినట్టు నమోదు) అవుతుంది, చీఫ్ ఇంజనీర్‌కి చెప్పి తర్వాత రెస్ట్ అడుగుతాను అన్నా. "ఎమర్జెన్సీలో మాస్టర్ రెస్ట్ ఆపొచ్చు కదా?" ఆపొచ్చు సార్, అది ఓడకీ మనుషులకీ ప్రమాదం ఉన్నప్పుడు. బంకరింగ్ ఎప్పుడొస్తుందో ముందే తెలుసు, అది ఎమర్జెన్సీ కాదు. ఆయన నవ్వలేదు గానీ ఇంకేమీ అడగలేదు. పాస్.

ప్రస్తుతం ఓడ మీదున్నవాళ్లు సైన్ ఆఫ్ (ఓడ దిగడం) లోపు మెస్ రూమ్ గోడ మొత్తం ఒకసారి చదివేయండి, మీ షీటూ ఆయిల్ రికార్డ్ బుక్కూ పక్కన పెట్టుకుని చూసుకోండి. నాకు వచ్చే నెల ఫోర్త్ ఇంజనీర్‌గా జాయినింగ్, బంకరింగ్ ఇక నా పనే. డౌట్లుంటే ఆలోపే అడిగేయండి.