చొక్కా తొడుక్కునే మడత వేరు, దాచిపెట్టే మడత వేరు

మా కావలి వైపు వానలు ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపే కదా, నైరుతి మనకి పెద్దగా ఇచ్చేదేం లేదు, వచ్చేదంతా ఈశాన్యంలోనే, అదీ తుఫాన్లతో కలిసి. అందుకే బీరువా సర్దే పని ఏదన్నా ఉంటే సెప్టెంబర్లోనే, ఇంకా ఎండ కాస్తా ఉండంగానే తెమిల్చుకోండి అని కనపడిన వాళ్ళకల్లా చెప్తుంటా. 2023 డిసెంబర్లో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు చూశాం గదా, ఆ తేమకి ఇనప బీరువాలో ఏడాదిగా కదపకుండా పెట్టిన తెల్లచొక్కాల మీద బూజు చుక్కలు లేచిన ఇళ్ళు మా వీధిలోనే ఉండాయి. కాటన్లో బూజు మచ్చ దిగిందంటే సర్ఫ్ పెట్టినా నిమ్మకాయ రుద్దినా పూర్తిగా పోదు, ఎక్కడో లేతగా ఒక నీడ ఉండనే ఉంటది.

మా ఇంటి ముందుకొచ్చే ఇస్త్రీ బండాయన ఒక మాట అన్నాడు, నాకు బాగా పట్టింది. "సామీ, నేను మడిచేది రేపు తొడుక్కునేదానికి, బీరువాలో పెట్టి మర్చిపొయ్యేదానికి కాదు." నిజమే. ఆయన సగానికి మడిచి మధ్యలో పేపర్ ముక్క పెట్టి ఇస్తాడు, రెండు రోజులకైతే దానికి వంక పెట్టేదేం లేదు. అదే మడతతో ఆర్నెల్లు పెడితే గీత సరిగ్గా పొట్ట మీదకొస్తది, అది మళ్ళీ ఇస్త్రీ చేసినా తొందరగా లొంగదు. ఇంక ఆ న్యూస్ పేపర్, దాన్నైతే మొదట తీసెయ్యండి, ఆ కాయితం పాతబడేకొద్దీ పచ్చబడతది, ఆ పసుపు గుడ్డకి కూడా ఎక్కుతది.

మడతకంటే ముందు గుడ్డ సంగతి చూడాలి. ఒక్కసారి, అదీ ఒక గంట ఫంక్షన్‌కి తొడుక్కున్నదైనా సరే ఉతక్కుండా లోపల పెట్టొద్దు, కాలర్ లోపలివైపు పట్టిన చెమట, తలనూనె అప్పుడు కళ్ళకి కనపడవు, నాలుగు నెలలు పోయాక పసుపు పట్టీ లాగా బయటపడతాయి. గంజి కూడా వద్దు. గంజి పెట్టిన చొక్కా ఫెళఫెళలాడతా నిలబడితే నాకూ ఇష్టమే, కానీ దాచేదానికి మాత్రం గంజి లేకుండా ఉతికిందే పెట్టాలి, ఎందుకంటే బీరువా మూలల్లో వెండిరంగులో సర్రున జారిపొయ్యే పురుగు ఉంటది చూడండి, దానికి గంజి అంటే తిండి, గుడ్డని గీరి గీరి తింటది, పైగా గంజి బిగుసుకున్న చోట మడత పడితే దారం అక్కడే చిట్లతది. ఇస్త్రీ అయిన వెంటనే వేడిమీద లోపల పెట్టడం కూడా తప్పే, ఆవిరి లోపలే ఉంటది, ఒక పూట హ్యాంగర్‌కి తగిలించి ఆరనివ్వాలి.

ఇప్పుడు మడత. పై గుండీ, మధ్య గుండీ, చివరి గుండీ ఈ మూడూ పెట్టాలి, అన్నీ అక్కర్లేదు, పై గుండీ పెట్టకపోతే మాత్రం కాలర్ ఒక పక్కకి వాలిపోతది. మంచం మీద కాకుండా టేబుల్ మీదో గచ్చు మీద దుప్పటి పరిచో బోర్లా వెయ్యండి, మంచం మెత్తగా దిగిపోతది, వీపు సాపు కాదు. భుజాల నుంచి కిందికి అరచేత్తో ఒకసారి నిమిరి, కాలర్ చివరకి రెండు వేళ్ళు వదిలి ఆ పక్క మొత్తాన్ని నిలువుగా వీపు మీదికి మడవాలి, చెయ్యిని అడ్డంగా పడెయ్యకుండా అంచు వెంబడే నిటారుగా కిందికి దించాలి. చాలామంది చేతులు రెండూ వీపు మీద ఒకదాని మీద ఒకటి వేస్తారు, అక్కడ గుడ్డ మందమై దొంతరలో పైన బరువు పడ్డప్పుడు ఆ అచ్చు ముందువైపుకి దిగుతది. రెండో పక్కా అట్టనే. ఆ తర్వాత కింది అంచుని మూడో వంతు పైకి మడిచి, ఇంకొక్క మడత కాలర్ కిందికి వచ్చి ఆగేట్టు వెయ్యాలి, కాలర్ మీదికి ఎక్కకూడదు. ఈ లెక్కన ఒక గీత జేబు దరిదాపుల్లో పడతది, రెండోది నడుం దగ్గర, టక్ చేస్తే ప్యాంట్లోకి పోతది, పొట్ట మీద గీత ఉండదు. నేనైతే పాత పంచె ముక్కని వేలెడు లావున చుట్టి ప్రతి మడత లోపలా పెడతా, మడత పదునుగా విరక్కుండా గుండ్రంగా తిరుగుతది.

పట్టు చొక్కాకి ఈ పంచె ముక్క తప్పనిసరి. పెళ్ళికి తొడిగి మళ్ళీ ఎప్పుడో తీస్తాం, అదే గీత మీద ఏళ్ళ తరబడి ఉంటే పట్టు అక్కడే పిగిలిపోతది, జరీ అంచు ఉంటే ఇంకా ముందే. దసరాకొకసారి, సంక్రాంతికొకసారి విప్పి నీడలో గాలికి పెట్టి, మడత ఒక అంగుళం పైకో కిందికో మార్చి పెట్టండి. పాలిథిన్ కవర్లో మాత్రం బిగించొద్దు, లోపలి తేమ లోపలే ఉండిపోతది, ఉతికిన తెల్లగుడ్డలో చుడితే చాలు.

దొంతర పెట్టేటప్పుడు ఒక చొక్కా కాలర్ ఇటు, ఇంకోదాని కాలర్ అటు వచ్చేట్టు పెడితే దొంతర వాలకుండా సమంగా నిలబడతది, జీన్సుల్లాంటి బరువైనవి అడుక్కి.

కలరా ఉండలు పెట్టేవాళ్ళు గుడ్డకి తగలకుండా చిన్న మూటకట్టి పై అరలో పెట్టండి, దాని ఆవిరి గాలికన్నా బరువు, కిందికే దిగుతది. అయితే ఇంట్లో కాన్పు ఉంటే మాత్రం ఈ ఒక్క విషయం పెద్దవాళ్ళకి చెప్పండి. పుట్టిన బిడ్డకి తాత పాత పంచెలూ చొక్కాలూ చింపి మెత్తటి గుడ్డలు చేస్తాం గదా, అవి కలరా ఉండల మధ్య నుంచి తీసినవైతే ప్రమాదం, జీ6పీడీ లోపం (ఎర్రకణాల్ని కాపాడే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పిల్లలకి ఆ ఉండల్లోని నాఫ్తలీన్ వల్ల రక్తంలో ఎర్రకణాలు పగిలి కామెర్లు ముదురుతాయి, రక్తపరీక్ష చేస్తే తప్ప ఆ లోపం ఉన్నట్టు పుట్టంగానే ఎవరికీ తెలియదు కూడా. బిడ్డకనుకున్న గుడ్డల్ని అసలు ఆ బీరువాలోనే పెట్టకండి, ఉతికి ఎండలో ఆరేసి వేరే పెట్టెలో పెట్టుకోండి, ఆ పెట్టెలో ఎండు వేపాకు తప్ప ఇంకేదీ వెయ్యొద్దు.