సోమరి వేరు, దీర్ఘసూత్రి వేరు

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలో తామస కర్త ఎలా ఉంటాడో చెప్పే శ్లోకం ఇది.

అయుక్తః ప్రాకృతః స్తబ్ధః శఠో నైష్కృతికోఽలసః
విషాదీ దీర్ఘసూత్రీ చ కర్తా తామస ఉచ్యతే (18-28)

మనసు నిలవనివాడు, సంస్కారం లేనివాడు, వంగనివాడు, మోసగాడు, ఇతరుల పని చెడగొట్టేవాడు, సోమరి, ఎప్పుడూ దిగులుపడేవాడు, పనిని సాగదీసేవాడు. ప్రవచనాల్లో ఈ శ్లోకం వచ్చినప్పుడు చివరి ముగ్గురినీ కలిపి ‘బద్ధకస్తులు’ అనేసి ముందుకు వెళ్లిపోతుంటారు. కృష్ణుడు మాత్రం సోమరినీ సాగదీసేవాణ్నీ ఒకే గాటన కట్టలేదు. వేరువేరుగా లెక్కపెట్టి, ఇద్దరి మధ్యా దిగులుపడేవాణ్ని కూర్చోబెట్టాడు. ఛందస్సు కోసం అలా కుదిరిందేమో, ఆ వరుసలో రహస్యాలు వెతక్కండి అని పండితులు అంటే కాదనను. అయినా దిగులుకూ వాయిదాకూ ఉన్న ఆ ఇరుగుపొరుగు సంబంధం నాకు చాలా నిజమనిపిస్తుంది.

సోమరికి పని గుర్తే ఉండదు, హాయిగా నిద్రపోతాడు. వాయిదా వేసేవాడికి ఆ హాయి ఎక్కడిది? చేయించుకోవాల్సిన షుగర్ టెస్టు, రాయాల్సిన థీసిస్, అన్నదమ్ముల మధ్య తేల్చుకోవాల్సిన పొలం సంగతి రోజంతా వాడి బుర్రలోనే తిరుగుతుంటాయి. ఆ ఒక్క పని తప్ప మిగతావన్నీ చేస్తాడు. పరీక్షకు ముందు రోజు అల్మరా సర్దని విద్యార్థి ఎవరు? రిపోర్టులో ఏం వస్తుందో, గైడు ఏమంటాడో, తమ్ముడు ఎక్కడ తెగతెంపులు చేసుకుంటాడో అన్న టెన్షన్ ఆ పనికి అంటుకుని ఉంటుంది. పని పక్కన పెడితే టెన్షన్ కూడా కాసేపు పక్కకు పోతుంది. ఆ కాసేపటి ఉపశమనమే మళ్లీ వాయిదా వేయిస్తుంది. కెనడాలోని కార్ల్‌టన్ యూనివర్సిటీలో ఏళ్ల తరబడి ఈ విషయం మీదే పనిచేసిన టిమొతీ పిచిల్ చెప్పేదీ దాదాపు ఇదే: వాయిదాకు మూలం సమయం సర్దుకోవడం రాకపోవడం కన్నా, ఆ పని రేపే భావాన్ని తట్టుకోలేకపోవడం.

గీత మొదలయ్యేదే ఇక్కడ. మొదటి అధ్యాయం పేరు అర్జున విషాద యోగం. ఆ అధ్యాయం చివర అర్జునుడు విల్లు పడేసి రథంలో కూలబడతాడు. ఆయన్ను సోమరి అనగలమా? ఏళ్ల తరబడి ఎదురుచూసిన యుద్ధం, చేతికందే దూరంలో శత్రువు. కానీ ఎదురుగా నిలబడ్డది భీష్ముడు, ద్రోణుడు. చేతులు వణికాయి. వెంటనే కారణాలు పుట్టుకొచ్చాయి: కులధర్మం నశిస్తుంది, పితృదేవతలకు పిండోదకాలు ఉండవు, రాజ్యంతో ఏం సుఖం. ఒక్కటీ పిచ్చి మాట కాదు. వాయిదా వేసేవాళ్ల కారణాలు ఎప్పుడూ ఇలాగే పద్ధతిగా ఉంటాయి. మన దగ్గర అయితే ఆషాఢం అడ్డొస్తుంది, తర్వాత మూఢం వస్తుంది, అదీ పోయాక ‘సోమవారం నుంచి మొదలెడదాం’ వస్తుంది. పాపం పంచాంగం, దాని నెత్తిన ఎన్ని నిందలో!

కృష్ణుడు మొదట చేసింది మనందరం చేసేదే. గద్దించాడు. పిరికితనానికి లొంగకు, నీకిది తగదు, గుండె బలహీనత వదిలి లే అన్నాడు (2-3). ఫలితం? కొద్ది శ్లోకాల తర్వాత అర్జునుడు ‘న యోత్స్యే’, యుద్ధం చేయను అని చెప్పి మౌనంగా ఉండిపోయాడు (2-9). సాక్షాత్తూ భగవంతుడు తిట్టినా వెంటనే లేవలేదు! పిల్లల్ని రోజూ ‘లేవరా, చదవరా’ అని అరిచే తల్లిదండ్రులు ఈ ఆరు శ్లోకాల దూరాన్ని ఒకసారి చదువుకుంటే బాగుంటుంది. మనల్ని మనం తిట్టుకున్నా అంతే. ‘నేనింతే, దేనికీ పనికిరాను’ అనుకున్న ప్రతిసారీ దిగులు పెరుగుతుంది, పొరుగున ఉన్న వాయిదాకు బలమొస్తుంది.

మహాభారతం శాంతిపర్వంలో ఒక ప్రసిద్ధ శ్లోకం ఉంది, ‘శ్వః కార్యమద్య కుర్వీత’ అని. రేపటి పని ఈరోజే చెయ్యి, సాయంత్రం పని ఉదయమే చెయ్యి, నీ పని అయిందా లేదా అని మృత్యువు ఎదురుచూడదు అని దాని అర్థం. గొప్ప శ్లోకం. కానీ ఇప్పటికే భయంతో బిగుసుకుపోయిన మనిషికి ఇంకో భయం చూపించడం మంచి మందని నేననుకోను.

మరి మందు ఏది? రెండో అధ్యాయంలోనే ఉంది. ‘నేహాభిక్రమనాశోఽస్తి’ (2-40): ఈ దారిలో మొదలుపెట్టిన ప్రయత్నం వృథా పోదు, సగంలో ఆగినా దోషం రాదు, ‘స్వల్పమప్యస్య ధర్మస్య త్రాయతే మహతో భయాత్’, దీన్ని కొంచెం ఆచరించినా పెద్ద భయం నుంచి కాపాడుతుంది. శ్లోకం భయాన్ని పేరు పెట్టి మరీ చెబుతోంది. కృష్ణుడు ఇక్కడ మాట్లాడేది కర్మయోగం గురించే, నిజమే. అయినా బల్ల మీద తెరవని పుస్తకం ముందు కూర్చున్నవాడికి కూడా ఈ మాట అక్కరకొస్తుంది. అంతా చేయగలనా అన్న ప్రశ్నకు ఆయన జవాబు ‘కొంచెం చెయ్యి’.

మన పూజా విధానం ఈ సంగతిని ఎప్పుడో పట్టుకుంది. షోడశోపచారాలు కుదరలేదా, పంచోపచారాలు చెయ్యి: గంధం, పువ్వు, ధూపం, దీపం, నైవేద్యం. వస్త్రం లేదా, ‘వస్త్రార్థం అక్షతాన్ సమర్పయామి’. వినాయక చవితికి 21 రకాల పత్రి దొరకలేదని పూజ మానేసినవాళ్లను నేనెక్కడా చూడలేదు. దొరికినవి వేస్తారు, మిగతా వాటికి అక్షతలు వేసి కానిచ్చేస్తారు. అదే ఇంట్లో వాకింగ్‌కు మంచి బూట్లు కొనలేదని ఆరు నెలలుగా గడప దాటనివాళ్లు ఉంటారు. దేవుడి దగ్గర లేని పట్టింపు మన పనుల దగ్గర ఎందుకో!

అన్నిటికన్నా సంకల్పం చూడండి. వ్రత పుస్తకంలో గోత్రం, పేరు కోసం చుక్కలు పెట్టి ఉంచే ఆ పేజీని గబగబా చదివేస్తాం. ‘అద్య బ్రహ్మణః ద్వితీయ పరార్ధే’ అంటూ బ్రహ్మదేవుడి ఆయుర్దాయంతో మొదలవుతుంది. శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, ఆపైన 4,32,000 ఏళ్ల కలియుగంలో మొదటి పాదం. అక్కణ్నుంచి సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, చివరికి ఈ వారం. చోటు కూడా అలాగే దిగుతూ వస్తుంది: జంబూద్వీపం, భరతవర్షం, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ నదుల మధ్య ఉన్నామో, ఆఖరికి ఈ ఇల్లు. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లలో చాలామంది జంబూద్వీపం బదులు క్రౌంచద్వీపం అని మార్చి చెప్పుకుంటారు, ఎందుకంటే నిలబడ్డ చోటు నిజంగా చెప్పాలి. ఆ తర్వాత పేరు, ఆ తర్వాత ఫలానా పూజ ‘కరిష్యే’, వెంటనే నీళ్లు ముట్టుకోవడం. యుగాల లెక్కతో మొదలైన మాట ఒక ఉద్ధరిణెడు నీళ్ల దగ్గరకు వచ్చి ఆగుతుంది, చేయి కదులుతుంది. సంకల్పంలో ‘ఎప్పుడో ఒకప్పుడు’ అనే తిథి లేదు.

1999లో పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ‘ఇది సాధించాలి’ అని అనుకోవడం కన్నా ‘ఫలానా సమయంలో, ఫలానా చోట, ఈ పని ఇలా చేస్తాను’ అని ముందే నిర్ణయించుకున్నవాళ్లు పని మొదలుపెట్టే అవకాశం ఎక్కువని రాశారు. మన పురోహితులు విని ఆశ్చర్యపోరు. ‘బరువు తగ్గాలి’ అనేది కోరిక. ‘రేపు ఆరింటికి పార్కు గేటు దగ్గర నుంచి ఒక చుట్టు’ అంటే సంకల్పానికి దగ్గరగా వస్తుంది. ఆ ఒక్క చుట్టూ తిరిగి ఇంటికి వచ్చేసినా ప్రయత్నం పోదని గీత హామీ ఇచ్చింది కదా.

అయితే ఆలస్యమంతా తప్పేనా? భీష్ముడు అలా అనలేదు. శాంతిపర్వంలో ఆయన దీర్ఘసూత్రుడనే చేప సాగదీసి సాగదీసి జాలరికి చిక్కి చచ్చిన కథా చెప్పాడు, అదే పర్వంలో చిరకారి కథా చెప్పాడు. తిక్కన గారి పుణ్యాన ఆ పర్వం మనకు తెలుగులోనూ ఉంది. చిరకారి గౌతముడి కొడుకు. ఏ పనైనా చాలాసేపు ఆలోచించి గానీ చేయడు, అందుకే లోకం అతణ్ని సోమరి, మందబుద్ధి అంది. ఒకరోజు భార్య మీద కోపంతో గౌతముడు ‘మీ అమ్మను చంపు’ అని చెప్పి అడవికి వెళ్లిపోయాడు. చిరకారి ఆయుధం పట్టుకుని ఆలోచనలో పడ్డాడు. తండ్రి మాట దాటరాదు, తల్లిని చంపరాదు. తల్లిలాంటి నీడ మరొకటి లేదు కదా అనుకున్నాడు. ఇలా తర్కించుకుంటుండగానే పొద్దు గడిచిపోయింది. అక్కడ గౌతముడికి కోపం దిగి, ఎంత పని చేశానని ఏడుస్తూ, నా కొడుకు ఈ ఒక్కసారి పేరు నిలబెట్టుకుంటే చాలని పరుగున వచ్చాడు. కొడుకు ఆయుధం కింద పెట్టి కాళ్ల మీద పడ్డాడు. తల్లి బతికే ఉంది.

రాగం, దర్పం, అభిమానం, ద్రోహం, పాపకార్యం, ఎదుటివాడికి అప్రియం చేయాల్సి రావడం: ఈ సందర్భాల్లో చిరకారే మెచ్చదగినవాడని ఆ కథలో గౌతముడు తేల్చాడు. ఫ్యామిలీ గ్రూపులో బావమరిదికి కోపంగా టైప్ చేసిన రిప్లై ఈ లెక్కలోకి వస్తుంది. ఉద్యోగానికి రాజీనామా మెయిల్ కూడా చాలాసార్లు వస్తుంది. షుగర్ టెస్టు, థీసిస్ ఈ ఆరింటిలో దేని కిందికీ రావు.