హిప్పు కొలత అడిగిన మొదటి మనిషి మా టైలర్

ముందే చెప్తున్నా, నేను లావు కాదు. భుజాలు సన్నం, నడుము పర్లేదు, కింద మాత్రం వెడల్పు. ఛాతీ 36 అంగుళాలు, హిప్పు 43. మన వైపు నాలాంటి వాళ్లు ఇంటికొకరుంటారు, అయినా షాపులోళ్లకి మేం కనపడం.

మా మరిది నిశ్చితార్థానికి కుర్తా సెట్ కొందామని వైజాగ్‌లో జగదాంబ వైపు ఓ పెద్ద షోరూమ్‌కి వెళ్లా. ఏసీ బావుంది, రంగులు చకచకా ఏరేశా. ట్రయల్ రూమ్‌లో మొదలైంది నా ఖర్మ. 38 వేస్తే పైన చక్కగా కూర్చుంది, కింద సైడ్ కట్లు రెండూ విచ్చుకుపోయి తొడల దగ్గర పట్టేసింది. 44 వేస్తే హిప్పు సరిపోయింది గానీ భుజాలు జారిపోయి చంకల కింద గుడ్డ వేలాడుతోంది. తలుపు కొంచెం తీసి ఇంకో మోడల్ ఉందా అమ్మా అని మెల్లిగా అడిగితే, ఆ పిల్ల అక్కణ్నుంచే కౌంటర్ దాకా వినపడేలా "అక్కా, ఈ మేడమ్‌కి హిప్పు పట్టట్లేదంట, పై ఫ్లోర్ నుంచి త్రిబుల్ ఎక్సెల్ తెప్పించు" అని అరిచింది. పెళ్లాల కోసం కూర్చున్న మగాళ్లందరూ ఫోన్లలోంచి తలెత్తారు. అది చాలదన్నట్టు ఇంకొకావిడ వచ్చి నన్ను ఎగాదిగా చూసి "నల్లది వేసుకోండి మేడమ్, సన్నగా కనపడతారు, కాస్త వాకింగ్ కూడా చేయండి" అంది. వాకింగా! ఆవిడ నిద్ర లేవకముందే నేను ఆర్కే బీచ్‌లో నడిచి ఇంటికొచ్చి ఇడ్లీ కూడా వేసేస్తా. బట్టలమ్మే వాళ్లు బట్టలమ్మాలి, మన ఒంటి మీద తీర్పులెందుకో. ఏమీ కొనకుండా దిగొచ్చేశా.

డాబాగార్డెన్స్ సందులో మా జాకెట్లు కుట్టే మాస్టారు టేపు పెట్టి చూసి "కుర్తీ మీద వేసే నంబరు ఛాతీదమ్మా, హిప్పు ఎంతో ఎవడూ రాయడు. మీకు 44 అంటే గోనెసంచి తొడిగినట్టే" అన్నారు. పైన 38 కొలతే ఉంచి, నడుము దాటాక ఏ-లైన్‌లో, అంటే కిందికి పోయేకొద్దీ వెడల్పయ్యేలా వదిలేశారు. సైడ్ కట్లే లేవు. పొడవు మోకాలి కిందికి, ఎందుకంటే అంచు సరిగ్గా హిప్పు దగ్గర ఆగితే చూపూ అక్కడే ఆగుద్దంట. భుజాల వైపు అడ్డంగా వెడల్పుండే బోట్ నెక్, చేతులకి కొంచెం పఫ్ పెట్టారు, భుజాలు నిండుగా కనపడి కిందదానికి సరితూగింది. వెడల్పు కాళ్ల కుచ్చుల పలాజో వద్దని స్ట్రెయిట్ ప్యాంటు కుట్టారు.

గుడ్డ విషయంలో ఎవరి మాటా వినకండి. ఆర్గాంజా అని పల్చగా బిరుసుగా ఉండే గుడ్డ ఉబ్బి నిలబడుద్ది, మా షేపుకి అస్సలు పనికిరాదు. మన ఉక్కకి పాలిస్టర్ లైనింగ్ వేశారంటే చెమటకి కాళ్లకి అంటుకుపోయి నడవనివ్వదు, కాటన్ లైనింగే అడగండి, కుట్టించే ముందు నీళ్లలో నానేసి ఆరబెట్టి ఇవ్వండి, లేదంటే మొదటి ఉతుక్కే కుంచించుకుపోయి గోవిందా. పక్క కుట్ల దగ్గర తర్వాత వదులు చేసుకోడానికి లోపల మార్జిన్ వదలమని గట్టిగా చెప్పాలి, కొంతమంది టైలర్లు దాన్ని కత్తిరించి పారేస్తారు. పొట్ట ఉన్నవాళ్ల లెక్క వేరు, మా అక్కకైతే వీ నెక్, ఛాతీ కింద నుంచి వదులుగా పడేవి బావుంటాయి, అంతకుమించి నన్నడక్కండి.

పంతానికి నల్లది కాదు, పసుపచ్చ క్రేప్ తీసుకున్నా. నిన్న ఫంక్షన్‌లో మా ఆడపడుచు పక్కకి లాగి "వదినా, ఎక్కడ కుట్టించావు?" అని ఒకటే గొడవ. చెప్తాలే అని తప్పించుకున్నా. అసలే మాస్టారి దగ్గర పెళ్లిళ్ల రష్, నా జాకెట్లు ఇంకా అక్కడే ఉన్నాయి.