నక్క మన దేశం నుంచే వచ్చిందట

టోక్యో నుంచి నాసుషియోబారాకి షింకాన్‌సెన్ బుల్లెట్ రైల్లో ఒక వైపు టికెట్టే 5,000 యెన్‌లు దాటింది. అక్కడి నుంచి నాసు యుమోతోకి బస్సు ఖర్చు వేరే. ఒక బండరాయి కోసం ఇంత డబ్బా అని దారంతా చిరాకుగానే ఉన్నాను.

బస్సు దిగి కాస్త నడవగానే కుళ్ళిన కోడిగుడ్ల వాసన గుప్పుమంది. అగ్నిపర్వతపు విషవాయువులు పైకొచ్చే చోటు అది. 1689లో ఇక్కడికి వచ్చిన కవి బషో, ఇసుక కనపడనంతగా తేనెటీగలు, సీతాకోకచిలుకలు చచ్చి పడున్నాయని రాశాడు. వాలు నిండా ఎర్ర టోపీల జిజో అనే బోధిసత్వుడి విగ్రహాలు, పెద్ద పెద్ద చేతులు జోడించి. చెక్క బాట చివర సెస్షో-సెకి, ప్రాణాలు తీసే రాయి. 2022 మార్చిలో అది రెండుగా పగిలితే, లోపల ఉందని నమ్మే మాయ నక్క బయటపడిందని జపాన్‌లో చాలామంది హడలిపోయారు.

పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన "ఇండో?" అని అడిగారు. అవునన్నాను. ఫోన్‌లో అనువాదం పెట్టి, "ఈ నక్క మీ దేశం నుంచే వచ్చింది" అన్నారు.

వాళ్ళ కథ ఇదీ: తొమ్మిది తోకల నక్క తమామో-నో-మాయె అనే అందగత్తెగా తోబా చక్రవర్తి కొలువులో చేరింది. ఆయన మంచం పడితే జ్యోతిష్కుడు దాని గుట్టు బయటపెట్టాడు. నాసుకి పారిపోయిన నక్కను వేటాడి చంపితే రాయైంది. అంతకుముందు చైనాలో షాంగ్ వంశపు చివరి రాజు ప్రియురాలు దాజీ కూడా అదేనట. ఇంకా ముందు మన మగధలో హన్‌జొకు అనే రాజు భార్యగా ఉండి, వెయ్యిమంది తలలు తీయించబోయిందట.

ఆ హన్‌జొకు మన కల్మాషపాదుడే! నన్నయ ఆదిపర్వంలో ఉన్నాడు, వసిష్ఠుడి కొడుకులు నూరుగురినీ తినేసిన రాజు. చిన్నప్పుడు తాతయ్య ఆ కథ చెబుతుంటే నాకు ముద్ద దిగేది కాదు. అందులో నక్క లేదు, మాయలాడి భార్యా లేదు. ఆ రాజు బౌద్ధ గ్రంథాలతో పాటు చైనా మీదుగా జపాన్ చేరాడు, నక్కను తర్వాత అంటగట్టారు. నాకు నిజంగా కోపం వచ్చింది. మూడు దేశాల్లో మూడు రాజ్యాలు, ప్రతిచోటా నింద ఆడదాని మీదే.

ఆ మాటే పెద్దాయనతో అన్నాను. "మరి మీ కథలో రాజు రాక్షసుడు ఎందుకయ్యాడు?" అన్నారు. ఇరుకు దారిలో ఎదురైన వసిష్ఠుడి కొడుకు శక్తి పక్కకు తప్పుకోలేదని రాజు అతన్ని కొరడాతో కొట్టాడు, శాపం తగిలింది అని చెప్పాను.

"అయితే తప్పు రాజుదే" అన్నారు గట్టిగా. బస్సు వచ్చేదాకా మిగతా కథంతా అడిగి మరీ చెప్పించుకున్నారు.