వంతు ఎవరిది? స్ట్రీట్ ఫైటర్ 6 సాధనలో ఐదో నెల

విశాఖపట్నం గాజువాకలోని మా ఇంట్లో ఐదు నెలలుగా సాగుతున్న స్ట్రీట్ ఫైటర్ 6 (ఇద్దరు ఆటగాళ్లు చెరో పాత్రతో తలపడే వీడియో గేమ్) సాధన ఎక్కడి దాకా వచ్చిందో, అందులో ఏది పనికొచ్చిందో, ఏది పనికిరాలేదో నోటు పుస్తకంలో రాసుకున్న వివరాలను చూసుకుంటూ ఇక్కడ రాస్తున్నాను. నేను ఆడే పాత్ర ర్యూ. పద్ధతి క్లాసిక్ కంట్రోల్స్, అంటే స్పెషల్ దెబ్బలకు దిశలూ బటన్లూ వరుసగా నొక్కేది. స్థాయిని నిర్ణయించే మొదటి పది ప్లేస్‌మెంట్ ఆటల తర్వాత బ్రాంజ్ ర్యాంకులో మొదలై, సిల్వర్, గోల్డ్ దాటి గత వారమే ప్లాటినం మొదటి నక్షత్రానికి చేరాను. రోజుకు గంటంబావు చొప్పున వారానికి ఐదు రోజులు ఆడుతున్నాను. బి షిఫ్టు ఉన్న వారాల్లో మాత్రం పొద్దుటే కూర్చుంటాను, ఎందుకంటే రాత్రి పదిన్నరకు ఇంటికి వచ్చి ఆడిన ఆటల్లో నా చేతులు మెదడు కంటే ముందు పరుగెత్తుతున్నాయని పుస్తకంలోని లెక్కలే చెబుతున్నాయి.

నా తరం వాళ్లలో చాలామందికి ఈ రకం ఆటలు పరిచయమైంది టెక్కెన్ 3తోనే. అది 1997లో ఆర్కేడ్లకు, 1998లో ప్లేస్టేషన్‌కు వచ్చిన ఆట. పాత గాజువాకలో ఒక చిన్న షాపులో గంటకు పది రూపాయలిచ్చి ఆడేవాళ్లం. గెలిచినవాడు కూర్చుంటాడు, ఓడినవాడు లేచి వెనక నిలబడతాడు. అక్కడ మేము నేర్చుకున్నదల్లా వేగంగా నొక్కడమే. ఎవరు ఎక్కువ నొక్కితే వాళ్లే గెలుస్తారన్న ఆ నమ్మకాన్ని వదిలించుకోవడానికి నాకు ఈ ఐదు నెలల్లో మూడు నెలలు పట్టింది.

ఆ మూడు నెలలూ నేను కాంబోలు (ఒకదాని వెంట ఒకటి ఆగకుండా తగిలే దెబ్బల వరుసలు) సాధన చేశాను. ట్రైనింగ్ మోడ్‌లో కదలకుండా నిలబడిన బొమ్మ మీద పదికి తొమ్మిదిసార్లు పూర్తి చేయగలిగిన కాంబో, నిజమైన ఆటలో మొదలుపెట్టే అవకాశమే దొరికేది కాదు. కారణం చెప్పింది ఒక ఇంటర్ కుర్రాడు. ఎంవీపీ కాలనీలో మా స్నేహితుడి ఇంట్లో ఆదివారాలు ఐదారుగురం కలిసి ఆడుకుంటాం, ఆ కుర్రాడు స్నేహితుడి తమ్ముడు. నన్ను వరుసగా ఏడు ఆటలు ఓడించాక, "అన్నయ్యా, నా వంతులో కూడా మీరే నొక్కేస్తున్నారు, అందుకే తగులుతోంది" అన్నాడు. ఆ రోజు రాత్రి ఓడిన ఆటల రీప్లేలు పన్నెండు చూశాను. నేను తిన్న పెద్ద దెబ్బల్లో సగానికి పైగా, ప్రత్యర్థి దెబ్బను బ్లాక్ చేసిన (కాచుకున్న) మరుక్షణం నేను ఏదో ఒక బటన్ నొక్కినందువల్ల తగిలినవే.

వంతు అంటే ఏమిటో కొత్తవాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను. ఈ ఆట సెకనుకు 60 ఫ్రేముల లెక్కన నడుస్తుంది, అంటే ఒక ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. ప్రతి దెబ్బకూ చేయి లేవడానికి కొన్ని ఫ్రేములు, తగలడానికి కొన్ని, తిరిగి తేరుకోవడానికి కొన్ని పడతాయి. బ్లాక్ చేసినవాడు తేరుకోవడానికీ కొన్ని ఫ్రేములు పడతాయి. ఇద్దరిలో ఎవరు ముందు తేరుకుంటే వంతు వాళ్లది. చాలా పాత్రల అతి వేగమైన చిన్న దెబ్బకు 4 ఫ్రేములు పడుతుంది కాబట్టి, ప్రత్యర్థి దెబ్బను బ్లాక్ చేశాక అతను 4 ఫ్రేములో అంతకంటే ఎక్కువో వెనుకబడి, నా చేతికి అందేంత దూరంలో ఉంటే, అతను తేరుకునేలోపే నా దెబ్బ తగిలి తీరుతుంది. 3 ఫ్రేములే వెనుకబడితే అలా తప్పనిసరిగా తగిలే దెబ్బ ఉండదు గానీ, వంతు మాత్రం నాదే. అతను ముందు తేరుకుంటే నేను చేతులు కట్టుకుని బ్లాక్ చేస్తూ ఉండవలసిందే. ట్రైనింగ్ మోడ్‌లో ఫ్రేమ్ మీటర్ ఆన్ చేసుకుంటే ఈ లెక్క అంతా తెర మీద గళ్లుగా కనిపిస్తుంది. దాన్ని మొదటి రోజే ఆన్ చేసుకోనందుకు నేను నిజంగా బాధపడుతున్నాను.

ఈ లెక్కను తారుమారు చేసేది డ్రైవ్ రష్. ఆకుపచ్చ మెరుపుతో దూసుకువచ్చి కొట్టే మామూలు దెబ్బకు 4 ఫ్రేముల లాభం అదనంగా కలుస్తుంది. మామూలుగా బ్లాక్ చేస్తే 1 ఫ్రేము వెనుకబడే దెబ్బ, రష్ తర్వాత 3 ఫ్రేములు ముందుంటుంది. అంటే చూడటానికి దెబ్బ ఒకటే అయినా, ముందు ఆకుపచ్చ మెరిసిందా లేదా అన్నదాన్ని బట్టి వంతు మారిపోతుంది. నేను గోల్డ్‌లో ఆరు వారాలు ఆగిపోవడానికి ముఖ్య కారణం ఇదేనని ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

దీనికోసం పెట్టుకున్న సాధన ఇది. ట్రైనింగ్ మోడ్ బొమ్మను కెన్ అనే పాత్రగా పెట్టి, అది తిరిగి ఆడే రికార్డింగ్ స్లాట్లలో నాలుగు రకాల దాడులు నేనే ఆడి నింపాను. ఒకటి, బ్లాక్ చేస్తే శిక్షించదగిన (అంటే తిరిగి తప్పక కొట్టగలిగిన) స్వీప్, కాళ్లను తన్ని పడేసే దెబ్బ. రెండు, మామూలు మీడియం పంచ్ వేసి ఆగడం. మూడు, అదే పంచ్ డ్రైవ్ రష్ తర్వాత వేసి, వెంటనే ఇంకో దెబ్బ. నాలుగు, దగ్గరకు నడిచి వచ్చి త్రో, అంటే బ్లాక్ చేసినా ఆగని పట్టు. నాలుగింటినీ యాదృచ్ఛికంగా వచ్చేలా పెట్టి, రోజూ ఇరవై నిమిషాలు వాటికి జవాబు చెప్పడమే పని. స్వీప్‌కు కాంబోతో శిక్ష, రెండోదానికి నా దెబ్బ, మూడోదానికి బ్లాక్ మాత్రమే, నాలుగోదానికి త్రో విడిపించుకోవడం. మొదటి వారం యాభైలో సరైన జవాబులు పద్దెనిమిది, మూడో వారానికి ముప్పై ఆరు. కాంబో మాత్రం ఒక్కటే ఉంచుకున్నాను, అది కూడా చిన్నదే. ర్యాంకులో కదలిక వచ్చింది సరిగ్గా ఆ మూడో వారం నుంచే.

డ్రైవ్ ఇంపాక్ట్ (ఎదుటి దెబ్బను తట్టుకుంటూ వచ్చే బరువైన దెబ్బ) సంగతి వేరు. అది లేవడానికి 26 ఫ్రేములు, అంటే 0.43 సెకను పడుతుంది. ఒక మెరుపును చూసి వేలు కదపడానికి మనిషికి సుమారు పావు సెకను పడుతుంది కాబట్టి కాగితం మీద సమయం చాలినంత ఉంది. అయితే అది వస్తుందని ఎదురుచూస్తున్నప్పుడే ఆ పావు సెకను నిజం. వేరే దెబ్బ గురించి ఆలోచిస్తూ ఉంటే చాలదు. అందుకే నేను ఆ దెబ్బ కోసం ఆట పొడవునా కాచుకుని ఉండటం మానేసి, నా వీపు గోడకు దగ్గరైనప్పుడు మాత్రమే దానికోసం చూస్తున్నాను.

ఇక పరికరాల విషయం. పాత ప్యాడ్ మీద బొటనవేలు నొప్పి పెట్టడంతో, లివర్ లేకుండా అన్నీ బటన్లే ఉండే కంట్రోలర్ సొంతంగా కట్టుకున్నాను. రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు ఒకటి, 24 మిల్లీమీటర్ల బటన్లు పదకొండు, పైకి దూకడానికి 30 మిల్లీమీటర్ల బటన్ ఒకటి. డాబాగార్డెన్స్ వైపు నేమ్ బోర్డులు చేసే ఒక దుకాణంలో 3 మిల్లీమీటర్ల అక్రిలిక్ షీటుకు రంధ్రాలు వేయించాను. ప్రతి బటన్‌కూ రెండు కాళ్లుంటాయి. ఒక కాలును అన్ని బటన్లకూ కలిపి ఒకే తీగతో బోర్డు గ్రౌండ్‌కు, రెండో కాలును విడివిడిగా ఒక్కో పిన్‌కు కలపాలి. బోర్డు మీది బూట్‌సెల్ బటన్ నొక్కి పట్టుకుని కేబుల్ పెడితే అది పెన్ డ్రైవ్‌లా తెరుచుకుంటుంది, అందులో బోర్డును కంట్రోలర్‌గా నడిపే జీపీ2040-సీఈ అనే ఉచిత ఫర్మ్‌వేర్ ఫైలు వేస్తే చాలు. ఎడమ, కుడి బటన్లు ఒకేసారి నొక్కితే రెండూ రద్దయి పాత్ర నిశ్చలంగా ఉండేలా సెట్టింగ్ పెట్టుకోండి. పోటీల్లో సాధారణంగా అడిగేది అదే.

మన ఊరివాళ్లు గుర్తుంచుకోవలసినది సముద్రపు గాలి. మొదటి పెట్టెకు వేసిన మామూలు ఇనుప స్క్రూలు రెండు నెలల్లో తుప్పు పట్టాయి, బటన్ల కాళ్ల మీద పచ్చగా పొర కట్టింది. ఇప్పుడు స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు వాడుతున్నాను, పెట్టె లోపల సిలికా జెల్ పొట్లాలు వేశాను, ఆట అయ్యాక మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెడుతున్నాను.

నెట్‌వర్క్ విషయంలో చెప్పేది ఒక్కటే, వైఫై వదిలేయండి. ఈ ఆటలో ఉన్నది రోల్‌బ్యాక్ పద్ధతి. ప్రత్యర్థి నొక్కిన బటన్ సమాచారం రాకముందే, అతను ఇంతకు ముందు నొక్కినదే నొక్కి ఉంటాడని అంచనా వేసి ఆట ముందుకు సాగుతుంది. అంచనా తప్పితే వెనక్కి వెళ్లి సరిదిద్దుకుంటుంది. స్థిరంగా ఉండే ఆలస్యాన్ని ఇది బాగానే దాచగలదు గానీ, వైఫైలో ఆలస్యం క్షణానికో రకంగా మారుతుంటే పాత్రలు ఒకచోటు నుంచి మరోచోటుకు గెంతినట్టు కనిపిస్తాయి. హాల్లో ఉన్న రూటర్ నుంచి గదికి పదిహేను మీటర్ల ల్యాన్ కేబుల్ గోడ వెంట లాగించాను. రూటర్‌కు చిన్న యూపీఎస్ కూడా పెట్టాను, ఎందుకంటే రెండు నిమిషాల కరెంటు కోతకు ఆట మధ్యలో తెగిపోతే నష్టం నాది, చిరాకు అవతలివాడిది.

నాకు వంతు సంగతి చెప్పిన ఆ ఇంటర్ కుర్రాడు ఆడేది మోడర్న్ కంట్రోల్స్‌తో. అందులో స్పెషల్ దెబ్బలు ఒక్క బటన్‌తో వస్తాయి, అలా వేసినప్పుడు నష్టం 80 శాతానికి తగ్గుతుంది. దాన్ని అడ్డదారి అనేవాళ్లు మా ఆదివారం గుంపులోనూ ఉన్నారు. నేను ఒప్పుకోను. వంతు ఎవరిదో అతనికి తెలిసినంతగా మాలో ఎవరికీ తెలియదు, దాన్ని ఏ బటనూ నేర్పదు. ఎవో అనే ఫైటింగ్ గేముల పోటీలో, 2004లో, జస్టిన్ వాంగ్ ఆడుతున్న చున్-లీ పాత్ర సూపర్ దెబ్బలన్నింటినీ ఒక్కొక్కటిగా ప్యారీ చేసిన (సరైన క్షణంలో నష్టం లేకుండా తిప్పికొట్టిన) దైగో ఉమెహారా వీడియోను అతనూ నేనూ కలిసి చాలాసార్లు చూశాం. ఒక్క దెబ్బ బ్లాక్ చేసినా ఆ కాస్త నష్టానికే పాత్ర ప్రాణం పోయే స్థితిలో, అవతలివాడి వంతు పూర్తిగా అయ్యే వరకు ఆగి, ఆఖరి దెబ్బను గాలిలో ప్యారీ చేసి, అప్పుడు తన వంతు మొదలుపెట్టాడు.

వయసు గురించి అడిగేవాళ్లకు ఒక మాట. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5లో స్వర్ణం గెలిచిన కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్-వూకు అప్పటికి 44 ఏళ్లు. నాకు 36.

వచ్చే నెల పని మూలలో చిక్కుకున్నప్పుడు త్రోలకు జవాబు. కెన్ స్లాట్లను మార్చి, త్రో, కాస్త ఆగి కొట్టే దెబ్బ, త్రో విడిపించుకోవాలని నేను తొందరపడి నొక్కితే శిక్షించడానికి వెనక్కి ఒక అడుగు, ఈ మూడూ నింపాను. నిన్న మొదటి యాభైలో సరైన జవాబులు పదకొండు.