చీకటితో ముగిసే కీర్తన: దేవుడు దూరమైనట్టు అనిపించే రోజుల్లో ప్రార్థన

"యెహోవా, నీవు నన్ను విడుచుట యేల? నీ ముఖము నాకు చాటు చేయుట యేల?" (కీర్తన 88:14)

మొర పెట్టే కీర్తనలు చాలావరకు చివరికి స్తుతిలో తేలతాయి. 13వ కీర్తన "ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలై, ఆరు వచనాలు పూర్తయ్యేసరికి "నేను ఆయనను కీర్తించెదను" దాకా వచ్చేస్తుంది. 88వ కీర్తన అలా తేలదు. 18 వచనాలూ లోతుకే దిగుతాయి. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. హెబ్రీలోనూ చిట్టచివరి పదం చీకటే.

దాని పైన ఉన్న వ్రాతను మనం సాధారణంగా చదవకుండా దాటేస్తాం. ఇది ఎజ్రాహీయుడైన హేమాను రచన, ప్రధానగాయకునికి ఇచ్చినది. అంటే ఎవరో గదిలో రాసుకుని దాచుకున్న బాధ కాదు, ఆరాధనలో పాడమని గాయకుల చేతికిచ్చిన పాట. కతోలిక సంఘం పడుకునే ముందు చేసే ప్రార్థనలో శుక్రవారానికి ఈ కీర్తననే ఉంచింది. ఆంగ్లికన్ల 1662 నాటి ప్రార్థన పుస్తకం దీన్ని గుడ్ ఫ్రైడే సాయంత్రానికి కేటాయించింది. "ప్రభువా, నువ్వు కనబడటం లేదు" అని ఆయన ముఖం మీదే అనడానికి దేవుని ప్రజలకు ఇన్ని వందల ఏళ్లుగా చోటుంది. సాక్ష్యం చెప్పడానికి లేచినప్పుడు "దేవుని కృపవల్ల బాగున్నాను" అని కూర్చునే మనకు మాత్రం ఆ చోటు గుర్తుకు రాదు.

ఇంత చీకట్లోనూ హేమాను రెండు పనులు మానలేదు. మొదటిది, వేళ తప్పలేదు. ఒకటో వచనంలో పగలూ రాత్రీ మొరపెడుతున్నాడు, తొమ్మిదో వచనంలో ప్రతిదినమూ చేతులు చాపుతున్నాడు, 13వ వచనంలో "ఉదయమున నా ప్రార్థన నిన్ను ఎదుర్కొనును" అంటున్నాడు. రెండోది, దేవుణ్ణి "నీవు" అనడం మానలేదు. గుంటలో పెట్టింది నీవే, స్నేహితుల్ని దూరం చేసింది నీవే అంటాడు. దేవుని గురించి పక్కవాడితో ఫిర్యాదు చేయడం వేరు, దేవుడికే ఫిర్యాదు చేయడం వేరు. రెండోది ప్రార్థనే, ఎంత కటువుగా ఉన్నా సరే.

కాబట్టి ఈ కీర్తనతో ప్రార్థించాలంటే ముందు వేళను, చోటును ఖాయం చేసుకోండి. పది పదిహేను నిమిషాలు చాలు. ఎండిపోయిన రోజుల్లో గంటసేపు ప్రార్థిస్తానని నిర్ణయించుకుంటే నాలుగో రోజుకే తప్పుతుంది, తప్పినందుకు కొత్త నేరభావం మొదలవుతుంది. ఫోన్ ఇంకో గదిలో పెట్టి, కీర్తనను పైకి చదవండి, పెదవులు కదిలేలా. నెమ్మదిగా చదివినా మూడు నాలుగు నిమిషాలకు మించదు. ఏ వచనం దగ్గర గొంతు పట్టుకుంటే అక్కడ ఆగి, ఆ మాటను మీ సొంత మాటల్లో చెప్పండి.

సొంత మాటలంటే ఇంట్లో మాట్లాడే మాటలు. మనలో చాలామందికి ప్రార్థన అనగానే "పరిశుద్ధుడా, ప్రేమామయుడా, మహోన్నతుడా, గడచిన రాత్రి కాచి కాపాడిన దేవా" అని నోరు దానంతటదే సాగిపోతుంది. అవి మంచి మాటలే, పెద్దల దగ్గర నేర్చుకున్నవి. కానీ మనసు ఎండినప్పుడు వాటి చాటున దాక్కోవడం చాలా తేలిక. ఐదు నిమిషాలు ధారగా ప్రార్థించి లేస్తాం, అసలు బాధ ఒక్కసారి కూడా నోట్లోకి రాదు. "ప్రభువా, మూడు నెలలుగా అడుగుతున్నాను, నువ్వు పలకడం లేదు, నాకు విసుగొస్తోంది" అన్న ఒక్క వాక్యం అంతకంటే నిజమైన ప్రార్థన. చెప్పాక రెండు నిమిషాలు మౌనంగా కూర్చుని, పరలోక ప్రార్థనతో లేవండి. ఏమీ అనిపించకపోయినా రేపు మళ్లీ అదే వేళకు.

ఇంకో విషయం కూడా చూసుకోవాలి. దూరమైన భావన అన్నిసార్లూ ఒకే కారణంతో రాదు, ఒక కారణానికి చేసే వైద్యం ఇంకోదానికి పనికిరాదు.

పాపం వల్ల వచ్చే దూరం ఉంది. "మీ దోషములు మీకును మీ దేవునికిని అడ్డముగా వచ్చెను" అని యెషయా (59:2) స్పష్టంగానే చెప్పాడు. పరిశుద్ధాత్మ ఒప్పించేటప్పుడు దానికి పేరుంటుంది: ఫలానా అబద్ధం, ఫలానా అప్పు ఎగవేత, ఫోన్‌లో ఫలానా అలవాటు. దాన్ని పేరుపెట్టి ఒప్పుకుని, తిరిగి ఇవ్వాల్సింది ఇచ్చి, క్షమాపణ అడగాల్సినవాళ్లను అడిగితే దారి తెరుచుకుంటుంది. పేతురు భర్తలకు ఒక మాట రాశాడు (1 పేతురు 3:7): భార్యను సన్మానించండి, మీ ప్రార్థనలకు అభ్యంతరం కలగకుండా. రాత్రి ఇల్లాలిని నానా మాటలూ అని, తెల్లవారుజామున నాలుగింటికి లేచి మోకరిస్తే ప్రార్థన పైకప్పు దాటడం లేదనిపించడంలో వింత లేదు. అయితే పేరు లేని నేరభావం, "నాలోనే ఏదో లోపం ఉంది" అని రోజంతా నలిపేసేది, ఈ కోవలోకి రాదు. నిజాయితీగా ఒకసారి వెతికి ఏమీ దొరకకపోతే తవ్వడం ఆపండి. హేమాను తన కీర్తనలో ఒక్క పాపం కూడా ఒప్పుకోలేదు. ఒప్పుకోవాల్సింది ఉందని అతనికి తోచలేదు, అయినా చీకటి ఉంది.

శరీరం అలిసిపోవడం వల్ల వచ్చేదీ ఉంది. కర్మెలు కొండ మీద అంత గెలుపు చూసిన ఏలీయా ప్రవక్త వెంటనే బదరీవృక్షం కింద పడుకుని చావు కోరుకున్నాడు. దూత అతనికి ప్రసంగం చేయలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి పెట్టి "లెమ్ము, భోజనము చేయుము" అన్నాడు. అతను తిని మళ్లీ పడుకుంటే రెండోసారి కూడా లేపి తినిపించాడు. దేవుని మెల్లని స్వరం వినబడింది ఆ తరువాత నలభై రోజుల ప్రయాణం అయ్యాకే. పసిబిడ్డ తల్లికి, నైట్ షిఫ్టులు చేసేవారికి, పెద్ద జ్వరం నుంచి లేచినవారికి ఉపవాస ప్రార్థన చెప్పడం కంటే ముందు నిద్ర చెప్పాలి. రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులు, ఆకలి నిద్రల్లో తేడా, దేనిమీదా మనసు లేకపోవడం ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి. అది విశ్వాసం తగ్గడం కాదు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకండి. భారతదేశంలో 14416 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సేవ. ఇంట్లో ఒకరికి అదే రోజు చెప్పండి.

ఈ రెండూ కాకపోతే మిగిలేది దేవుని కోసం కనిపెట్టుకుని ఉండటమే. ఇక్కడే జనం ఎక్కువగా జారిపోతారు. కొత్త సంఘం వెతుకుతారు, 21 రోజులు ఉపవాసముంటే దేవుడు తప్పక మాట్లాడతాడని మొక్కుబడి పెట్టుకుంటారు, తెలియనివారి దగ్గర ప్రవచనం అడుగుతారు, సరిపోయే మాట వచ్చేదాకా వాగ్దాన కార్డులు తీస్తూనే ఉంటారు. చీకట్లో పెద్ద నిర్ణయాలు వద్దని, యేసు సభను (జెసూట్లను) స్థాపించిన లొయోలా ఇగ్నేషియస్ 16వ శతాబ్దంలోనే గట్టిగా చెప్పాడు. వెలుగులో ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయం మీదే నిలబడాలన్నది ఆయన సలహా. సంఘం మారాలనే అనుకుంటే మారండి, కాకపోతే ఈ చీకటి గడిచాక.

ప్రభు బల్లకు దూరంగా ఉండటం మరో పొరపాటు. "మనసు లేదు, అర్హత లేదు" అని బల్ల సమయానికి లేచి వెళ్లిపోతారు. పౌలు రాసిన వాక్యాన్ని పూర్తిగా చదవండి (1 కొరింథీ 11:28): తన్ను తాను పరీక్షించుకోవాలి, ఆలాగు చేసి ఆ రొట్టె తినాలి. పరీక్షించుకుని మానేయమనలేదు. మనసు ఏమీ గ్రహించలేని రోజున కూడా చేతిలో రొట్టె, నాలుక మీద ద్రాక్షరసం ఉన్నాయి కదా. భావన లేనివారికి ఆ బల్ల మరింత అవసరం.

సంఘంలో నమ్మకమైన ఒక్కరికి చెప్పండి, ఇలాగే చెప్పండి: "అన్నా, నాకు ఉపదేశం వద్దు, నా పక్కన కూర్చుని పైకి ప్రార్థన చేయండి." యోబు స్నేహితులు ఏడు రాత్రింబగళ్లు మాట్లాడకుండా నేలమీద కూర్చున్నంతవరకు బాగానే చేశారు, నోరు తెరిచాకే చెడింది. పక్షవాయువుగల మనిషిని నలుగురు మోసుకొచ్చినప్పుడు యేసు చూసింది "వారి విశ్వాసము".

బైబిల్లో 88 పక్కనే 89 ఉంది. దాని మీద ఉన్న పేరు ఎజ్రాహీయుడైన ఏతాను. హేమానూ ఎజ్రాహీయుడే. ఒకరి పాట "చీకటి" దగ్గర ఆగితే, పక్కవాడు "యెహోవాయొక్క కృపాతిశయమును నిత్యము నేను కీర్తించెదను" అని అందుకుంటాడు. 88 చదివిన ఉదయమే మీరు 89కి పరుగెత్తనక్కర్లేదు. ఆ పాటను మీ కోసం ప్రార్థిస్తున్న వ్యక్తిని చదవమనండి, మీరు వింటూ ఉండండి. 46వ వచనం దగ్గరికి వచ్చేసరికి స్తుతించిన ఆ ఏతాను కూడా అడుగుతాడు: "యెహోవా, ఎంతవరకు నీవు దాగియుందువు?" అక్కడ మీరూ గొంతు కలపండి.