జాడీ ఒకటే, సీసాలే వేరు

మంగళవారం, రాత్రి పదకొండు

పొద్దున్నే పిన్ని ఫోను. "ఏరా, సైటులో ఆవకాయ అరకిలో 'స్టాక్ లేదు' అని చూపిస్తోందట! ఇక్కడ జాడీలో సగానికి పైగా ఉందిరా."

తప్పు నాదే. పిన్ని పచ్చళ్ల సైటుని పోయిన వేసవిలో రెండు రాత్రుల్లో కట్టేశాను. డేటాబేస్‌లో ఒకటే టేబుల్, అంటే ఒకటే పట్టిక. పచ్చడి పేరు, పావుకిలోకి ధర, స్టాక్, అరకిలోకి ధర, స్టాక్, కిలోకీ అంతే. అన్నీ పక్కపక్కనే కాలమ్స్. తర్వాత "వెల్లుల్లి లేనిది కూడా పెట్టరా" అంది. ఇంకో ఆరు కాలమ్స్ తగిలించాను. అప్పుడైనా బుద్ధి రావాల్సింది.

ఇవాళ సెలవు పెట్టి మొత్తం విప్పుకుని కూర్చున్నాను. కాగితం మీద ఐదు పెట్టెలు గీశాను, పెట్టెకో టేబుల్. ప్రొడక్ట్స్‌లో ఆవకాయకి ఒక్కటే వరుస. ఆప్షన్స్‌లో దాని బరువు, వెల్లుల్లి. వాల్యూస్‌లో పావు, అర, కిలో, వెల్లుల్లితో, లేకుండా. మనిషి బుట్టలో వేసుకునేది మాత్రం వేరియంట్‌ని: ఆవకాయ, అరకిలో, వెల్లుల్లి లేకుండా. ధర దాని మీదే ఉండాలి. కిలో కొన్నవాళ్లకి పిన్ని కాస్త తగ్గిస్తుంది కాబట్టి పావుకిలో ధరని నాలుగుతో గుణిస్తే కుదరదు. ఏ వేరియంట్‌కి ఏ వాల్యూస్ అన్నది ఐదో టేబుల్.

మధ్యాహ్నమంతా ఆ ఐదోదే తినేసింది. వేరియంట్, ఆప్షన్ రెండూ కలిపి ప్రైమరీ కీ (ఒకే జతని రెండోసారి ఎక్కనివ్వని గుర్తు) చేశాను, ఒకే సీసాకి రెండు బరువులు పడకుండా. ఫారిన్ కీ (ఇంకో టేబుల్‌లో ఉన్నదాన్నే ఇక్కడ రాయనిచ్చే లంకె) కూడా ఆప్షన్, వాల్యూ జంటకే ఇచ్చాను. లేకపోతే 'బరువు: వెల్లుల్లితో' అని ఎక్కించినా డేటాబేస్ నోరు మెదపదు. మూడు బరువులు, వెల్లుల్లితో, లేకుండా, మూడు రెళ్లు ఆరు అని వేరియంట్లు వాటంతటవే పుట్టేలా రాద్దామనుకున్నాను గానీ, వెల్లుల్లి లేనిది పిన్ని తక్కువే పెడుతుంది, కిలో సీసాలో అమ్మదు. కాబట్టి ఐదే. నిజంగా ఉన్న జతలనే చేత్తో ఎక్కించాను. ఆర్డర్‌లో పేరు, ధర అప్పటికప్పుడు కాపీ అయిపోవాలి. రేపు ధర పెంచితే పాత బిల్లులు మారకూడదు కదా.

ఇక స్టాక్. నేను చదివిన ఉదాహరణలన్నీ టీషర్టులే. ఎరుపు మీడియం అయిపోతే అయిపోయినట్టే, ఎరుపు లార్జ్‌ని కత్తిరించి మీడియం చేసి పంపలేం. అందుకే వాటికి స్టాక్ వేరియంట్ మీద ఉంటుంది. నేనూ గుడ్డిగా అదే చేశాను. కానీ పిన్ని ఆర్డర్ వచ్చాకే జాడీలోంచి తీసి సీసాకి ఎత్తుతుంది. ఐదు వేరియంట్లున్నా జాడీలు రెండే! అన్ని అరకిలోలు, ఇన్ని పావుకిలోలు అని ముందే పంచి రాయమని ఆవిణ్ణి ఇన్నాళ్లూ సతాయించింది నేను.

ఆరో పెట్టె గీసి జాడీలు అని పేరు పెట్టాను. అందులో మిగిలిన గ్రాములు. వేరియంట్‌లో ఏ జాడీ, ఎన్ని గ్రాములు. జాడీలో 5,300 గ్రాములుంటే పావుకిలోవి 21, అరకిలోవి 10, కిలోవి 5 ఉన్నట్టు సైటే లెక్కేసుకుంటుంది. ఏది అమ్ముడైనా మిగతా రెండిటి లెక్కా దాంతోపాటే సరిచేసుకుంటుంది. సాయంత్రం నడిపి చూసేసరికి ఎంత హాయిగా అనిపించిందో.

ఆ ఊపులో పిన్నికి ఫోన్ చేసి అంతా చెప్పాను. "మంచిది నాన్నా," అని, ఊపిరి తీసుకోకుండానే, "ఆవకాయ, మాగాయ, గోంగూర తలా పావుకిలో కలిపి ఒక ప్యాక్ పెడదామనుకుంటున్నానురా" అంది.

ఒక వేరియంట్, మూడు జాడీలు. వేరియంట్‌లో ఇందాకే మురిసిపోయి పెట్టుకున్న జాడీ కాలమ్ కొట్టేసి, వేరియంట్లకీ జాడీలకీ మధ్య ఏడో పెట్టె గీశాను. ఖాళీ సీసాల లెక్క సంగతి పిన్నికి ఇంకా గుర్తు రాలేదు.